ఒయికావా రోకురో మచ్చలేని పేరు

మొరియోకా నీళ్ళశాఖలో ముప్పై ఎనిమిదేళ్ళు ఇంటింటికీ తిరిగి మీటర్లు చదివి రిటైరైన ఒయికావా రోకురో, జీవితంలో తాను సాధించిందేమిటో ఎవరూ అడక్కపోయినా చెప్పేవాడు. వెయ్యిన్నీ నూట ముప్పై ఆరు మంచి మార్కులు, చెడ్డ మార్కు ఒక్కటీ లేదు. ఆన్‌లైన్ వేలంలో బేరం ముగిశాక అమ్మినవాడూ కొన్నవాడూ ఒకరికొకరు మార్కు పెట్టుకుని, పక్కన 'ఉత్తరాలు త్వరగా సాగాయి, ప్యాకింగ్ బాగుంది, మరో అవకాశం కలగాలని మనవి' అంటూ రెండు మంచి మాటలు రాసుకోవాలి. ఆ మార్కులు దేశమంతా చూడొచ్చు. సరుకు అందిన మూడు రోజుల్లో మార్కు పెట్టని కొనుగోలుదారును రోకురో మనిషికింద జమకట్టేవాడు కాదు. "సంస్కారం లేని జాతి," అని కంప్యూటర్ ముందు కూర్చుని తిట్టుకునేవాడు. సంస్కారం గురించి మాట్లాడటానికి ఈయనకున్న అర్హత ఏపాటిదో ఇక చూడండి.

ముసలివాళ్ళు పోయి ఇళ్ళు ఖాళీ చేస్తుంటే, చిన్న వ్యాను వేసుకుని అక్కడికి చేరడం ఆయన వ్యాపారం. పాత బొమ్మలు, గిన్నెలు, రంగు వెలిసిన చెక్కపెట్టెలు అడ్డికి పావుశేరు లెక్కన పట్టుకొచ్చేవాడు. వేలానికి పెట్టిన ప్రతి వస్తువు కిందా ఒకటే రాత: 'తాతగారి గిడ్డంగిలో దొరికింది. నాకు ఈ విషయాల్లో బొత్తిగా జ్ఞానం లేదు. ఫొటోలు చూసి తమరే నిర్ణయించుకోగలరు. తరవాత ఫిర్యాదులు, వాపసులు స్వీకరించలేను.' రోకురో తాత రేవులో మూటలు మోసిన కూలి. ఆయనకు గిడ్డంగి మాట అటుంచి, గొడుగు ఆనించుకునే సొంత గోడ కూడా ఉండేది కాదు.

పాత గాలాలు అమ్ముకునే నుమాతా అనే స్నేహితుడొకడు స్టేషను దగ్గర కాఫీ హోటల్లో రోకురోకి శిష్యుడిలా దొరికాడు.

"ఒక్క యెన్‌కి మొదలెడతావేంటయ్యా? కొంప మునగదూ?" అన్నాడు నుమాతా.

"పిచ్చివాడా! వెయ్యికి పెడితే ఇద్దరొస్తారు, ఒక్క యెన్‌కి పెడితే యాభైమంది ఎగబడతారు. ఒకసారి పాట పాడాడంటే ఆ వస్తువు అప్పుడే వాడింట్లో అలమరాలో కూర్చున్నట్టు లెక్క. ఇంకోడు పాట పెంచితే సొంత సొమ్ము ఎత్తుకుపోయినట్టు మండిపోతాడు. ఆదివారం సాయంత్రం ఏడింటికి ముగియాలి వేలం. స్నానమై ఉంటుంది, రెండో బీరు తెరిచి ఉంటాడు, టీవీలో సమురాయ్ సీరియల్‌కి ఇంకా గంట ఉంటుంది. అప్పుడు మగాడి చేతికి బుర్రతో పనుండదు."

"సరేగానీ, ఏమీ తెలీదని రాసుకోవడం నామోషీ కాదూ?"

"తెలుసని రాస్తే నన్ను అనుమానిస్తాడు. తెలీదని రాస్తే వాడే తెలివైనవాణ్ణనుకుంటాడు. జనం డబ్బులు పోసేది వస్తువుకి కాదు నుమాతా, నన్ను మోసం చేశామన్న సంబరానికి."

మాట నిజమే. ఇంత నిజం తెలిసినవాడు దాన్ని ఇంత నీచానికి వాడుకున్నాడే అన్నదే నా కడుపుమంట. పైగా అసలు కిటుకు ఆయన నుమాతాకి కూడా చెప్పలేదు. అది భార్య తొకికొ ఖాతా.

తొకికొ పాత పట్టు నడికట్ల గుడ్డతో టీ పొడి డబ్బాలకు చిన్న సంచులు కుట్టేది. పద్ధతి ప్రకారం టీ కలిపి అతిథులకు అందించడం నేర్పే పంతులమ్మలు ఆమె కుట్టుపని గుర్తుపట్టి కొనేవాళ్ళు. నాలుగువందల ఎనిమిది మార్కులు, అన్నీ మంచివే. రోకురో దాన్ని పేలికల వ్యాపారం అని వెక్కిరించేవాడు. ఆ ఖాతా తెరిచి పెట్టింది తానే కనక రహస్య పదం తనకి తెలుసు. తన సరుకుకి పాట నీరసించినప్పుడల్లా ఆమె పేరుతో చొరబడి రెండు మెట్లు పెంచి తప్పుకునేవాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, పెళ్ళాం పేరు ఈయన ధారాళంగా వాడుకున్నాడు. ఆమెకిది తెలియదు.

ఆ శీతాకాలం కనజావాలో నంజో అనే టీ పంతులమ్మ కొత్త సంవత్సరం తొలి టీ సభకని ఒకే అలల నేతలో పన్నెండు సంచులు అడిగింది. పది కుట్టేసరికి గుడ్డ అయిపోయింది. తొకికొ రెండు నెలలు వెతికాక, అదే నేత ముక్క క్యోతోలో ఒక గుడ్డల వ్యాపారి వేలానికి పెట్టాడు. బుధవారం ముగుస్తుంది. కింద అందరూ రాసే మాటే అతనూ రాశాడు: 'చెడ్డ మార్కు ఉన్నవారి పాట, క్షమించాలి, తొలగిస్తాను.' తొకికొకి ఆ భయం లేదు. పాట పాడి, పది సంచులూ వరసగా పేర్చుకుని కూర్చుంది.

అదే వారం రోకురో నది అవతల ఒక వితంతువు ఇంట్లోంచి పాడైన ఫ్రిజ్ మోసిపెట్టినందుకు కూలిగా పాత ఇనప కెటిల్ తెచ్చుకున్నాడు. మూత మీద పైన్ కాయ, ఒంటినిండా ముత్యాల్లాంటి బొడిపెలు. మన మొరియోకా పాత పోతపని, చూస్తే ముచ్చటేస్తుంది. నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టాడు. పది నిమిషాలకు అడుగున ఒక చుక్క ఊరింది, తరవాత ఇంకోటి. పైన పటారం, లోన లొటారం. రోకురో నీళ్ళు ఒంపేసి, తుడిచి, మళ్ళీ వేడినీళ్ళు పోసి, తొమ్మిది నిమిషాల్లో ఆవిరి కక్కుతున్న కెటిల్‌కి పదిహేడు ఫొటోలు తీశాడు.

ఆదివారం ఏడింటికి పాట అరవై వేల దగ్గరుంది. పేరు స్థానంలో నక్షత్రపు గుర్తులు తప్ప ఏమీ కనపడని ఒకడు ముందున్నాడు. చివరి ఐదు నిమిషాల్లో ఎవరు పాడినా గడువు ఇంకో ఐదు నిమిషాలు పెరుగుతుంది. రోకురో తొకికొ పేరుతో పెంచాడు. రెండు నిమిషాలు మిగిలుండగా నక్షత్రాలవాడు మళ్ళీ పెంచాడు. ఎనభై వేలైంది, తొంభై దాటింది. ప్రతిసారీ అదే రెండు నిమిషాలకు వాడొచ్చేవాడు.

"చిక్కాడు వెధవ! రెండో బీరు కాదు, మూడోదిలా ఉంది," అని రోకురో తొడ చరుచుకున్నాడు.

పక్కగదిలో తొకికొ ఇస్త్రీ చేసుకుంటోంది. "ఏవండీ, సీరియల్ మొదలవబోతోంది," అంది.

"నోర్ముయ్యవే, ఇక్కడ నిజమైన యుద్ధం నడుస్తోంది!"

లక్షా ఇరవై వేలు పాడాడు. రెండు నిమిషాలు మిగిలాయి, తరవాత ఒకటి. నక్షత్రాలవాడు రాలేదు. వేలం ముగిసింది. తెర మీద పూలగుత్తి బొమ్మ వచ్చి, గెలిచినందుకు ఒయికావా తొకికొ గారిని అభినందించింది. తన కెటిల్‌ని తానే, తన పెళ్ళాం పేరుతో, లక్షా ఇరవై వేలకు కొనుక్కున్నాడు ఈ మేధావి.

బయటపడటానికి దారుంది. గెలిచినవాణ్ణి తొలగించి రెండోవాడికి సరుకు ఇవ్వజూపవచ్చు. అయితే కారణం చెప్పాలి. అమ్మేవాడి కారణం అంటే అమ్మినవాడికి 'చాలా చెడ్డవారు' అని మార్కు దానంతటదే పడుతుంది. కొన్నవాడి కారణం అంటే కొన్నవాడికి పడుతుంది. ఒకవైపు తన పేరు, ఒకవైపు తొకికొ పేరు. రోకురో ఎంతసేపు ఆలోచించాడంటే, ఒక గుక్క బీరు మింగేంతసేపు. కొన్నవాడి కారణం అని నొక్కాడు. నక్షత్రాలవాడికి కెటిల్ ఇస్తానని వినయంగా కబురు పెట్టి, చల్లగా వెళ్ళి సీరియల్ చూశాడు.

సోమవారం పొద్దున తొకికొకి క్యోతో నుంచి సందేశం వచ్చింది. 'తమకు చాలా చెడ్డ మార్కు కనబడుతున్నందున, నియమం ప్రకారం తమ పాటను తొలగించాల్సి వచ్చింది. అపచారానికి మన్నించగలరు.' ఆమె కళ్ళద్దాలు తుడుచుకుని రెండుసార్లు చదివింది. తన పేజీ తెరిచింది. నాలుగువందల ఎనిమిది పక్కన ఒకటి. దాని కింద కెటిల్ బొమ్మ, అమ్మకందారు పేరు.

"ఏవండీ, నేను మీ కెటిల్ కొన్నానా?"

రోకురో చారు గిన్నెలోంచి తల ఎత్తలేదు. "ఊరికే పాట నిలబెట్టడానికి వేశానే. అవతలివాడు జారుకున్నాడు."

"మరి ఆ చెడ్డ మార్కు మీ పేరు మీద వేసుకోవచ్చుగా?"

"నా పేరా! మతిపోయిందా నీకు? వెయ్యిన్నీ నూట ముప్పై ఆరే! పన్నెండేళ్ళ కష్టం! నీదేముంది, పేలికలు. ఇంకో ఖాతా తెరిచిస్తాలే సాయంత్రం."

"నంజో గారికి మాటిచ్చానండీ. పది సంచులతో పన్నెండుమందికి టీ సభ ఎలా అవుతుంది?"

"గుడ్డముక్క కోసం ఏడుపేమిటే? రెండు వేరే రంగువి కుట్టు. టీ తాగేవాళ్ళకి సంచులు లెక్కపెట్టుకునే పనేముంటుంది?"

తొకికొ చేతిలోని గుండుసూదులు ఒక్కొక్కటే దిండుకి గుచ్చి, గిన్నెలు కడిగి, కంప్యూటర్ ముందు కూర్చుంది. ముప్పై ఏళ్ళు ఆమె మౌనాన్ని తెలివితక్కువతనం అనుకున్న మనిషి పళ్ళు కుట్టుకుంటూ వ్యాను తీసుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం తిరిగొచ్చి రోకురో తన పేజీ తెరిచాడు. ముందు నక్షత్రాలవాడి జవాబు కనబడింది: 'ఎంతో దయతో అడిగినందుకు ధన్యవాదాలు. అమ్మకందారుగారికి ఈ పొద్దున వచ్చిన మార్కు చదివాక, ఈ కెటిల్ నా అర్హతకు మించినదనిపించింది. విరమించుకుంటున్నాను.'

మార్కా? ఏ మార్కు? రోకురో కిందికి జరిపాడు. వెయ్యిన్నీ నూట ముప్పై ఆరు మంచి మార్కులు. వాటి పక్కన, పన్నెండేళ్ళుగా సున్నా ఉన్న చోట, ఒకటి. తొలగించినా సరే, వేలం గెలిచినవాళ్ళకి మార్కు పెట్టే హక్కు ఉంటుందన్న సంగతి ఆయన బుర్రకి తట్టనే లేదు. తొకికొ ఎప్పటి అందమైన మర్యాదతోనే రాసింది:

'నమస్కారం. నేను అమ్మకందారుగారి భార్యను. ఈ కెటిల్‌కు నా పేరుతో పాడింది వారే. కెటిల్ అడుగున కారుతుంది, నీళ్ళు పోసిన పది నిమిషాలకు మొదలవుతుంది. వారి తాతగారికి గిడ్డంగి లేదు. ఒకే ఇంట్లో ఉంటాం కనక ఉత్తరప్రత్యుత్తరాలు త్వరగా సాగాయి. ప్యాకింగ్ అవసరం పడలేదు. మరో అవకాశం కలగకూడదని మనవి చేసుకుంటున్నాను.'

రోకురో మొహం కందగడ్డలా అయింది. జవాబు రాసుకోవడానికి ఒక్కసారి వీలుంటుంది. ఆ ఖాళీ పెట్టెలో గీత మిణుకుమిణుకుమంటోంది. ఏం రాసినా దేశమంతా చదువుతుంది. కెటిల్ కారదని రాయలేడు, పాడింది తాను కాదనీ రాయలేడు. తాతకి గిడ్డంగి ఉందని మాత్రం రాయబోయి, అది కూడా చెరిపేశాడు.

"ఏమే! ఇలా రా!" అని అరిచాడు. "ఇదేం పనే? నా పేరు బుగ్గి చేశావు కదే!"

తొకికొ తలుపు దగ్గరే నిలబడింది. చేతిలో కనజావాకి పంపాల్సిన పొట్లం ఉంది, పైన పది సంచులు మాత్రమేనని క్షమాపణ చీటీ అంటించి ఉంది.

"మూడు రోజుల్లోపే పెట్టానండీ," అంది. "మళ్ళీ సంస్కారం లేదంటారని."