నాలుగో గోలీకి తగిలిన తీపి

ఆఁ, పోయినసారి ఎక్కడ ఆగినం? నా మోకాలు ఆపరేషన్ కాడ కదా! మోకాలు ముచ్చట మొదలువెడితె నాకు బ్రేకులుండవు, మీరన్న ఆపొద్దా? ముప్పై నాలుగేండ్లు తెలుగు పాఠం చెప్పిన నోరు, రిటైరైతె మూతవడ్తదా చెప్పుండ్రి. సరే, మోకాలును పక్కకు కూసోవెట్టుండ్రి. అసలు నేను చెప్తనన్నది చాయ్ జీవరాజు గురించి. ఇయ్యాల జల్దిన చెప్పాలె. పదకొండుంబావు దాంకనే నాకు టైముంది. ఎందుకు, ఏ గడప మీద కూసోని రాస్తున్న, అవి ఆఖర్ల చెప్త.

మీరెప్పుడన్న బోధన్‌ల శక్కర్‌నగర్ దిక్కు పోతె, మూతవడ్డ ఫ్యాక్టరీ గోడ కాడ ఒక నీలిరంగు చాయ్ బండి కనవడ్తది. దాని మీద రెండు ఫ్లాస్కులు. ఎర్రది చక్కెర చాయ్, పచ్చది షుగరోళ్ళ చాయ్. పచ్చ ఫ్లాస్కు ఐడియా ఎవ్వలిది? నాదే! ఆ బండి జీవరాజుది. యాభై తొమ్మిదేండ్లుంటయి. ఆదివారం మెథడిస్టు చర్చిల ముందు బెంచి మీద కూసుంటడు, పాట షురువైతె అందరికన్న ఒక అడుగు ముందే అందుకుంటడు. పాస్టరు గారు గూడ ఆయన ఎనకనే ఉర్కాలె.

ఫ్యాక్టరీ నడిచిన దినాలల్ల ఆయన పాన్‌మెన్. చెరుకు రసం పెద్దపెద్ద కాగుల్ల మరిగి మరిగి చిక్కవడ్తది కదా, అది ఏ నిమిషంల పలుకు కడ్తదో చెప్పేటోడన్నట్టు. పాకం చుక్క గాజుపలక మీద వెట్టి, వెలుతురుకు పట్టి చూసి, ఏలితోటి రుద్ది, నాల్కె మీద ఇంత అద్దుకుంటుండె. ఆయన 'దించుండ్రి' అంటె దించుడే. 'మీటర్లు అబద్ధమాడ్తయి గని నా నాల్కె ఆడదు సార్' అని నాకు నూరుమాట్ల చెప్పిండు. ఫ్యాక్టరీ మూతవడి పదేండ్లాయె. పని పోయింది, కాగులు తుప్పు వట్టినయి, గని ఆ నాల్కె మీది గర్వం మాత్రం ఇంచు తగ్గలే.

ఆయన భార్య ఎస్తరక్క. ఒక్కతే బిడ్డ, ఆశా. పదో తరగతిల నా దగ్గరనే చదువుకున్నది. ఇప్పుడు ఉట్నూర్ దిక్కు గురుకులంల టీచరు, సెలవులకే వస్తది. మూడేండ్ల కింద తండ్రికి షుగర్ వచ్చిందని తెలిసి, చక్కెరకు బదులు ఏస్కునే తీపి గోలీల డబ్బ తెచ్చింది. "బాపూ, నీకు చాయ్ లేకుంటె పానం ఆగదు. ఒక చాయ్‌కు ఒక్క గోలీ. చక్కెర మాత్రం పలుకు గూడ ముట్టొద్దు" అన్నది. ఆ డబ్బను ఆయన బండి ముంగట నిలవెట్టి వచ్చినోనికల్ల చూపిచ్చిండు. నేను ఊకుంటనా? "జీవరాజూ, నీ దగ్గర తాగేటోళ్ళల్ల సగం మంది షుగరోళ్ళే. మాకు గూడ ఒక ఫ్లాస్కు వెట్టరాదయ్యా!" అన్న. గట్ల పుట్టింది పచ్చ ఫ్లాస్కు.

ఇగ దాంట్ల గోలీలు ఎన్ని ఏస్తడు? లెక్కలేదు. పాన్‌మెన్ లెక్కవెడ్తడా! ఏస్తడు, కలుపుతడు, గ్లాసుల ఇంత పోస్కొని నాల్కె మీద వేస్కుంటడు. చాలకుంటె ఇంకిన్ని. దినాం ఎన్ని ఫ్లాస్కులు నిండుతయో అన్నిమాట్ల గదే పని. మధ్యల తను తాగే చాయ్‌లు వేరే.

ఇప్పుడు మోకాలు మళ్ళ రావాలె, ఏమనుకోకుండ్రి. ఫిబ్రవరిల ఆపరేషనై నేను నిజామాబాద్ కంఠేశ్వర్‌ల మా చెల్లె సుమలత ఇంట్ల రెండు నెలలున్న. మా చెల్లె పుట్టుకతోనే టీచరు, నాకన్న స్ట్రిక్టు. "అన్నా, చక్కెర లేదు, గోలీ లేదు, సప్పగనే తాగు" అని రెండు నెలలు ఉత్త చాయ్ పోసింది. మొదలు ఏడిచిన. అటెంక అలవాటైంది.

ఏప్రిల్‌ల కట్టె వట్టుకొని బోధన్ దిగిన. ఇంటికి గూడ పోలే, సీదా బండి కాడికే. జీవరాజు పచ్చ ఫ్లాస్కు ఒంచి గ్లాసిచ్చిండు. ఒక్క గుక్క తాగిన. అంతే, గుటక దిగలే. పక్కకు పోయి ఉమ్మేసిన. తీపి కాదయ్యా అది! నాల్కె ఎనక దిక్కు చేదు, గొంతుల జిగట.

"జీవరాజూ, ఏందే ఇది? గింత తీపా?"

ఆయన మొఖం ముడుసుకున్నది. "తీపెక్కడిది సార్? ఎప్పటి లెక్కనే ఉన్నది." పక్కన ఆటో డ్రైవర్ ప్రేమ్ తాగుతుండు. "ఏం ప్రేమ్, నువ్వు జెప్పు, తీపెక్కువున్నదా?"

"మంచిగనే ఉందన్నా. ఇంకింత పడ్డా ఏం గాదు" అన్నడు ప్రేమ్. నా దిక్కు చూసి, "సారుకు మోకాలుతోటి నాల్కె గూడ మార్చి పంపిండ్రు!"

అందరు నవ్విండ్రు. నేను గూడ నవ్విన. నవ్వుకుంట జీవరాజు దిక్కు చూసిన, నా నవ్వు ఆగిపోయింది. మనిషి సగమైండు. ఫ్యాక్టరీ దినాల తోలు బెల్టు ఇప్పటికీ అదే కడ్తడు. దానికి కంపెనీ బొక్కలు ఐదు, మేకు కొట్టి తను చేస్కున్న బొక్కలు ఇంకో ఐదు. బెల్టు కొస నడుము ఎనకకు పోయింది.

"గింతగనం సన్నవడ్డవేందే?"

"అన్న షుగర్ మస్తు కంట్రోల్ చేసిండు సార్" అన్నడు ప్రేమ్. "మేమంత గదే అంటున్నం, ఎట్ల తగ్గిచ్చినవే, మాకు గూడ చెప్పరాదు అని."

దినాం చూసేటోళ్ళకు కనవడదు. చాయ్ గట్లనే, మనిషి గట్లనే. రోజుకింత తీపి పెరిగింది, రోజుకింత మనిషి తరిగిండు, ఒక్కలకు గూడ తెల్వలే. రెండు నెలలు లేనోనికి తెలిసింది.

నాకు బడి బుద్ధి పోదు కదా. "జీవరాజూ, ఒక ప్రయోగం చేద్దాం. ఏమీ కలపని చాయ్ ఒక గ్లాసు పొయ్యి" అన్న. పోసిండు. డబ్బల కెల్లి ఒక గోలీ ఏసి కలిపిన. నేను రుచి చూసిన. నా మటుకు సరిపోయింది. ఆయనకిచ్చిన.

"సప్పగున్నది సార్."

రెండోది ఏసిన.

"ఇవి నీళ్ళు సార్."

మూడోది. ఆయన కండ్లు మూసుకున్నడు. వెనుకట పాకం చుక్క నాల్కె మీద వెట్టుకొని గట్లనే మూస్తుండెనట. చానసేపు రుచి చూసిండు. తల అడ్డంగ ఊపిండు.

నాలుగో గోలీకి, "ఆఁ, ఇప్పుడు తగిల్తుంది" అన్నడు.

ప్రేమ్ తన గ్లాసు దిక్కు ఒకమాటు చూసుకొని మెల్లగ కింద వెట్టిండు. జీవరాజు స్టవ్ తగ్గిచ్చిండు. "సార్, జర ఇట్ల రాండ్రి" అని నన్ను గోడ ఎనకకు తోల్కపోయిండు.

"సార్, మీకొక్కలకే సెప్తున్న. ఐదు నెలల సంది దొడ్డికి పోతె నెత్తురు వడ్తుంది. జిగట వడ్తుంది. దినానికి ఏడెనిమిదిమాట్ల పోవాలె. కడుపుల మెలివెట్టి తిప్పినట్టైతది."

"ఐదు నెలలా? ఎవ్వలకు చూపిచ్చినవు?"

"చూపిచ్చేదేమున్నది సార్, వేడి. పొయ్యి ముంగట నిలవడే బతుకు కదా. మొలలని ఆకుమందు గూడ తిన్న."

బండి ఇడిచి మాటిమాటికి మాయమైతుంటె, 'అన్నకు షిఫ్టు సైరన్ కొట్టింది' అని గిరాకీలు పరాచికాలాడ్తరట. ఆయన గూడ వాళ్ళతోటి నవ్వుతడట. ఎట్ల నవ్విండో.

మూడో రోజే నిజామాబాద్ తోల్కపోయిన. కంఠేశ్వర్‌ల మా చెల్లె చెప్పిన పొట్ట డాక్టర్. నెత్తురు పరీక్షలు చూసిండు, పొట్ట ఒత్తి చూసిండు. "పెద్దపేగు వాసి పుండ్లు పడ్డట్టున్నది. లోపట కెమెరా వెట్టి చూడకుంట పేరు చెప్ప. ఇంకా పెద్దది గూడ కావొచ్చు, అందుకే ఆలస్యం వద్దు" అన్నడు. అటెంక అడిగిండు, "ఏం తింటవు, ఏం తాగుతవు?"

నేనే గోలీల సంగతి చెప్పిన. డాక్టర్ పెన్ను ఆపిండు. "రోజుకు ఎన్ని?"

జీవరాజు నా దిక్కు చూసిండు. "లెక్కలేదు సార్. తగిలేదాంక ఏస్త."

డాక్టర్ మంచోడు, బెదిరియ్యలే. "ఈ గోలీలే రోగం తెచ్చినయని నేను అన. అది ఇంకా ఎవ్వలు తేల్చలే, పరిశోధనలు నడుస్తున్నయి. గని పేగు వాసిన మనిషి ఇన్నిన్ని మింగుడు నాకు నచ్చదు. కొందరికి ఇంకింత ఎక్కువైతది. గోలీలు పూరా బంద్. చక్కెర గూడ వద్దు, సప్పగ తాగు. గురువారం ఇంటోళ్ళను తోల్కొనిరా, కెమెరా పరీక్ష చేస్త, సంతకం గావాలె."

తిరిగొచ్చేటప్పుడు బస్సుల కిటికీ పక్కకు కూసున్నడు. ఎడపల్లి దాటినంక నా దిక్కు తిరిగిండు. అప్పుడన్నడు, "సార్, ఆశకు సెప్పొద్దు. ఎస్తర్‌కు గూడ వద్దు, ఆమె నోట్ల మాట దాగదు. సంతకం మీరే నాకు అన్నని సెప్పి వెట్టుండ్రి."

"బిడ్డకు చెప్పకుంట ఎట్ల?"

"మొదటి డబ్బ అది తెచ్చింది సార్. 'నా చేతులతోటి బాపుకు వెట్టిన' అనుకుంటది."

"డాక్టర్ అట్ల అనలే కదా!"

"డాక్టర్ అనకున్నా అది అనుకుంటది. పెంచింది నేను, నాకు తెల్వదా? మాటియ్యుండ్రి సార్."

ఇచ్చిన. వాగుడుకాయనే గని, ఇచ్చిన మాట తప్పినోన్ని కాదు.

మొదటి గురువారం పొద్దుగాల ఏడింటికి బస్టాండ్ల నిలవడ్డ. రాలే. బండి కాడికి పోతె, "గిరాకీ ఉన్నది సార్, వచ్చే వారం" అన్నడు. అయితె గోలీలు ఇడిచిపెట్టిన అన్నడు. పచ్చ ఫ్లాస్కు చాయ్ నాల్కె మీద వేస్కొని ఉమ్మేస్తుండు, నా కండ్లతోటి చూసిన. గని నెత్తురు ఆగలే. రెండో గురువారం, "పరీక్షకు ముందు తాగే ఆ కడుపు కడిగే మందు నాతోటి కాదు సార్" అన్నడు. బెల్టుకు ఇంకో బొక్క కొట్టిండు. నేను మాట్లాడిన, బతిమిలాడిన, తిట్టిన. గని ఎవ్వలకు చెప్పలే. మాటిచ్చిన కదా.

ఇయ్యాల మూడో గురువారం. బస్టాండు కాడ చూసి చూసి బండి కాడికి పోయిన. బండి మూసున్నది. ఆదివారం గాకుండ ఆ బండి మూసుంటె నేను చూసుడు గిదే మొదలు. ప్రేమ్ ఆటో ఎక్కి సీదా ఆయన ఇంటికొచ్చిన. జీవరాజు మంచం మీద ముడుసుకొని పండుకున్నడు. మొఖం సున్నం కొట్టిన గోడ లెక్క. ఒళ్ళు కాలుతుంది. పక్కన ఎస్తరక్క గ్లాసు వట్టుకొని కూసున్నది. సబ్జగింజల షర్బత్.

"వేడి సార్, మస్తు వేడి" అన్నదామె. "నెలల సంది దినానికి ఐదారు గ్లాసులు తాపుతున్న, సల్లవడ్తలేదు."

నాకెందుకో గ్లాసు తీస్కోవాలనిపించింది. ఒక్క చుక్క నాల్కె మీద వేస్కున్న. అదే తీపి. ఎనక అదే చేదు.

"అక్కా, ఇండ్ల ఏమేసినవు?"

"గోలీలే సార్. షుగర్ మనిషికి శక్కెర ఏస్తనా?"

"ఎన్ని?"

"ఆయనకు తీపి తగిలేదాంక ఏస్త."

గ్లాసును మంచానికి దూరంగ వెట్టిన. ఈమెకు చెప్పొద్దన్నది ఆయన, ఒప్పుకున్నది నేను. చాయ్‌ల గోలీ ఆపినం, ఇంట్ల షర్బత్ గ్లాసుతోటి లోపటికే పోయింది. నెత్తురు పడ్డకొద్ది వేడనుకున్నది, వేడనుకున్నకొద్ది తాపింది.

అంత చెప్పేసిన ఎస్తరక్కకు. ఆమె ఇన్నది గని నమ్మలే. "ఆశ చెప్పిందే కదా సార్ ఇది. చదువుకున్న పిల్ల. అది ఆపుమంటె ఆపుత" అన్నది. "లేవే, ఆటో ఉన్నది, నిజామాబాద్ పోదాం" అన్న జీవరాజుతోటి. గోడ దిక్కు తిరిగిండు. "రేపు సార్." ఎస్తరక్క చెవులకొచ్చి మెల్లగ అన్నది, "నా మాట ఇనడు, మీ మాట ఇనడు. బిడ్డ లేవమంటె మాత్రం లేస్తడు." అది ఆయనకు ఇనవడ్డది. మళ్ళ నా దిక్కు తిరిగి, చెయ్యి ఎత్తి ఒద్దన్నట్టు ఊపిండు. ఆ చెయ్యి ఎత్తుడు గూడ పూర్తిగ కాలే, మధ్యల్నే పడిపోయింది.

గిది ఆయన గడప. గీడ కూసోనే రాస్తున్న. నోరు, చెయ్యి ఆడ్తుంటె భయం జర దూరం నిలవడ్తది. ఆటో వాకిట్ల స్టార్ట్ చేసే ఉన్నది. ఆశా ఫోన్ ఒకమాటు కొట్టిన, ఎత్తలే. క్లాసులకు ఫోన్లు తీస్కపోరు, నాకు తెల్వదా? పదకొండుంబావుకు ఇంటర్వెల్ గంట కొడ్తరు, స్టాఫ్‌రూంకు వస్తది. ఇంకా నాలుగు నిమిషాలున్నయి. డబ్బ సంగతి మొదలు చెప్ప. ఎవ్వల తప్పో మొదలు చెప్ప. "ఆశా, నేను సారును. ఫోన్ స్పీకర్ల వెడుతున్న, మీ బాపును ఆటో ఎక్కమని చెప్పు బిడ్డా." ముందుగాల ఇదే అంట.