రెండో ట్రిప్పు గంప

మా బీమా సంస్థ చేవెళ్ల శాఖ మీద ప్రత్యేక సంచిక వేసినప్పుడు కనకమామిడి మహిళల గురించి వ్యాసం పంపాను. స్థలం లేదన్నారు. జోనల్ మేనేజరు శాలువా కప్పించుకున్న ఫొటోకు మాత్రం అరపేజీ దొరికింది. నేను మరచిపోలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

పదవీ విరమణకు మూడేళ్ల ముందు, జూన్‌లో, ఆ శాఖకు డెవలప్‌మెంట్ ఆఫీసరుగా వెళ్లాను. ఏజెంట్ల చేత పని చేయించే ఉద్యోగం అది. కనకమామిడిలో పూలు పండించే ఇరవై మంది మహిళలకు గ్రూప్ ఆరోగ్య పాలసీ రాయించాను. ఒకరి ఆస్పత్రి ఖర్చు అందరి ప్రీమియంలోంచి వస్తుంది. ఇరవైకి ఒక్కరు తగ్గినా పాలసీ ఉండదు.

దరఖాస్తులో పాత జబ్బుల గడి ఉంటుంది. ఉన్నదని రాస్తే ఆ జబ్బుకు కొన్నేళ్లు ఖర్చు ఇవ్వరు. సంఘం లీడరు సువార్తమ్మతో మా ఏజెంటు, "బీపీ లేదని రాస్త అవ్వా, ఎవరు చూస్తరు?" అన్నాడు.

"నువ్వు లేదని రాస్తే పోతదా బిడ్డా? పోతదంటే జర మోకాళ్ల నొప్పి గూడ లేదని రాయి," అన్నది. బీపీ ఉన్నదనే రాయించింది. మిగతావాళ్లూ నిజమే చెప్పారు.

పూల ఆటో పొద్దున మార్కెట్‌కు రెండు ట్రిప్పులు వెళ్లేది. రెండోసారి వెళ్లే పూలకు ధర పడిపోతుంది. డాక్టరు రాసిన మాత్ర ఆ పొద్దున వేసుకోనివాళ్ల గంప రెండో ట్రిప్పుకే అని సువార్తమ్మ నియమం పెట్టింది. ఒకరోజు తానే మాత్ర మరచి, ఆటోలోంచి తన గంపే దింపించింది.

"లీడరమ్మకు గూడ మాఫీ లేదా?" అని సంఘంలోని యాదమ్మ నవ్వింది.

"నేను లీడరునని నా బీపీకి ఎర్కనా?"

ఏడాది గడిచింది. ఒక్క క్లెయిమూ రాలేదు. అయినా హెడ్డాఫీసు అన్ని గ్రూపులతో పాటు వీళ్ల ప్రీమియమూ పెంచింది. అప్పటికే యాదమ్మ కడుపులో కొత్తగా గడ్డ బయటపడింది; మరుసటి నెల ఆపరేషన్. సరిగ్గా అప్పుడే ఐదుగురు మానేస్తామన్నారు.

"మేం దవాఖాన మెట్లే ఎక్కలే. ఎందుకు కట్టాలె?"

"ఎక్కలేదని సంతోషపడుండ్రి. రేపు యాదమ్మ ఎక్కుతది. మీరు పోతే దాన్ని ఎవరు ఎక్కిస్తరు?" అని సువార్తమ్మ అడిగింది.

పాలసీ రెన్యువల్ కాగితం మీద ఇరవై సంతకాలూ పడ్డాయి. ఆపరేషన్ జరిగింది. యాదమ్మ మళ్లీ పూలు కోస్తున్నది.

ఒంటిని చూసుకోవడం ఎవరికి వారి పని, ఖర్చు మోయడం అందరి పని. ఈ రెండూ కలిసి నడవగలవని నాకు శిక్షణ తరగతుల్లో ఎవరూ చెప్పలేదు, అక్కడ చూశాను.

ఇంత జాగ్రత్తగా ఉండే గ్రూపుకు ప్రీమియం తగ్గించాలని హెడ్డాఫీసుకు మూడు రిజిస్టర్డ్ ఉత్తరాలు రాశాను. "పరిశీలనలో ఉంది" అని ఫోన్లో అన్నారు. అది జవాబు కాదు. తగ్గిస్తారా, తగ్గించరా? తగ్గించకపోతే ఎందుకో రాసి, కింద సంతకం పెట్టి పంపండి.