మూడింటికి డెబ్భై రెండు

పొద్దున ఆరింటికి మా ఇంట్లో కాఫీ వాసన కన్నా ముందు కీ తిప్పే చప్పుడు లేస్తుంది. తెనాలిలో ఈ ఇంటికి వచ్చి పన్నెండేళ్ళయింది. మొన్నటి జ్వరం రోజులు మినహా ఒక్కరోజు కూడా తప్పలేదు. బల్లమీద పాత తువాలు పరిచి తొమ్మిది గడియారాలు వరసగా పెడతాను. రెండు జేబు గడియారాలు, ఆరు చేతి వాచీలు, నర్సులు గుండెల మీద తలకిందులుగా పిన్ను పెట్టి తగిలించుకునే రకం ఒకటి. ఒక్కోదానికీ కీ ఇస్తూ ఒక్కో మనిషి పేరు చెబుతాను. ఆ రోజు ఎవరి వంతయితే వాళ్ళ వాచీ ఎడమచేతికి కట్టుకుని డ్యూటీకి పోతాను. పదోదానికి కీతో పనిలేదు. చెయ్యి కదిలితే చాలు, తనంతట తానే తిరిగే రకం. అది ఎప్పుడూ నా కుడిచేతికే ఉంటుంది. మొన్న జ్వరమొచ్చి మూడురోజులు మంచానపడి దాన్ని విప్పి పక్కన పెడితే ఆగిపోయింది. ఇవాళ తువాలు దులపబోతే ఆ మాత్రం కదలికకే మళ్ళీ మొదలైంది. ఎవరూ ముట్టుకోకుండానే బల్ల మీద సన్నగా టిక్కు టిక్కుమంటుంటే, ఇరవై రెండేళ్ళు ఈ వాచీతో కాపురం చేసినదాన్ని, నాకే ఒక్క క్షణం ఒళ్ళు జలదరించింది. వెంటనే సువార్తమ్మ గారు గుర్తొచ్చారు. ఆవిడ ఉంటే, భయపడాల్సింది వాచీని చూసి కాదమ్మా అనేవారు.

సువార్తమ్మ గారు రేపల్లెలో ఒక చిన్న మిషన్ ఆసుపత్రికి హెడ్ సిస్టర్. ఆ ఆసుపత్రి ఇప్పుడు లేదు. నేను వేమూరు పిల్లని, నర్సింగ్ పాసై నెల తిరక్కుండా తెనాలి ప్యాసింజరెక్కి, ఒక రేకుపెట్టె పట్టుకుని అక్కడ దిగాను. ఆవిడ నన్ను చూడగానే చేసిన మొదటి పని నా చెయ్యి తీసుకుని చెవి దగ్గర పెట్టుకోవడం. మా అన్నయ్య కొనిచ్చిన కొత్త బ్యాటరీ వాచీ అది. కాసేపు విని, వదిలేసి, "పాపం, దీనికింకా ఎవరూ తెలీదు" అన్నారు. నేను తెల్లబోయాను. ఆవిడ చేతికి మసిబారిన పాత వాచీ ఒకటుంది, గుండెల మీద పిన్ను గడియారం ఉంది, రొండిన దోపుకున్న జేబు గడియారం గొలుసు తెల్లచీర మడతల్లోంచి కనిపిస్తోంది. మిగతా నర్సులు చాటున ఆవిణ్ణి గడియారస్తంభం అనేవారు. ఆ పేరు ఆవిడకీ తెలుసు. "స్తంభమైతే మంచిదేగా, దూరం నుంచి కూడా టైం కనపడుద్ది" అని నవ్వేవారు.

ఆవిడ దగ్గరున్నవన్నీ పోయినవాళ్ళ గడియారాలు. జేబు గడియారం, రేపల్లె దగ్గర నగరం అనే ఊళ్ళో చర్చి ఉపదేశిగా పనిచేసిన వాళ్ళ నాన్నది. మిగతావి వార్డులో కన్నుమూసినవాళ్ళవి, ఇంట్లో ఉంచుకోలేక బంధువులు ఆవిడ చేతిలో పెట్టి పోయినవి. పొద్దున్నే ప్రార్థన ముగించి, అన్నిటికీ కీ ఇస్తూ పేరు పేరునా పలకరించేవారు. బళ్ళో హాజరు తీసుకున్నట్టుండేది. తేడా ఏంటంటే, ఇక్కడ పిలిచిన ప్రతివాళ్ళూ పలికేవారు. కీ పడగానే ఒక్కొక్కటే టిక్కుమనేది. ఒక వాచీ రోజుకి నాలుగు నిమిషాలు వెనకబడేది. తెనాలిలో బాగుచేసే ఆయనకి ఇస్తూ, దుమ్ము తుడవండి చాలు, నడక మాత్రం మార్చొద్దు అని గట్టిగా చెప్పేవారట. ఆ వాచీ మనిషి బతికుండగా కూడా నిదానమేనని, ఇప్పుడు పరిగెత్తిస్తే ఆయన కాకుండా పోతాడని ఆవిడ వాదన. నాకు అదంతా చాదస్తంగా తోచేది, కొంచెం భయంగానూ ఉండేది. మా ఇళ్ళల్లో పోయినవాళ్ళ గుడ్డలు కూడా ఎవరికో ఇచ్చేస్తాం. ఈవిడ చూస్తే వాళ్ళ కాలాన్నే చేతికి కట్టుకుని తిరుగుతున్నారు.

పనిలో ఆవిడ పెట్టిన నియమాలు రెండు. ఒకటి అందరూ చెప్పేదే, నాడి చూసేటప్పుడు బొటనవేలు వాడకూడదు, దానిలో మన నాడే కొట్టుకుంటుంది. రెండోది ఆవిడ సొంతం. రోగి చేతికున్న వాచీ చూసి రోగి నాడి లెక్కపెట్టకూడదు. ముందు అది విప్పి పక్కన పెట్టాలి. "నీది ఆగిపోతే నా దగ్గరికి రా, ఒకటిస్తాను. అంతేగానీ వాళ్ళది చూడొద్దు" అనేవారు. ఎందుకని అడిగితే, కదిలేదాన్ని చూస్తే పక్కనున్నది కూడా కదులుతుందనిపిస్తుందన్నారు. అప్పుడు నాకది తలకెక్కలేదు.

శ్రావణంలో ముసురు పట్టింది. వారం రోజులు తడిసి నా కొత్త వాచీలోకి నీళ్ళు పోయి ఆగిపోయింది. సిస్టర్ గారిని ఒకటి అడిగితే ఇచ్చేవారే. కానీ చచ్చిపోయినవాళ్ళ వాచీ నా చేతికి కట్టుకోవడమా అని మనసొప్పలేదు. ఇంకో నర్సుది అడిగి రెండురోజులు నెట్టుకొచ్చాను. మూడోరోజు ఆమె సెలవు.

ఆ వార్డులో కిటికీ పక్క మంచంలో బాపట్ల నుంచి వచ్చిన ఒక మాస్టారు ఉండేవారు. లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, గుండెజబ్బు. ఇప్పుడు నా కుడిచేతికుండే ఈ వాచీ అప్పుడు ఆయన చేతికుండేది. చేరిన రోజు విప్పమంటే ఒప్పుకోలేదు. "ఇరవై ఏళ్ళుగా దీన్ని ఆగనివ్వలేదమ్మా. తీసి పెడితే రేపు ఎల్లుండికి ఆగిపోద్ది" అని చెయ్యి దుప్పట్లో దాచుకున్నారు. పెద్దాయన ముచ్చట, పోనీలే అనుకున్నాను. ఆ మధ్యాహ్నం మూడింటికి నేను నాడి చూడటానికి వెళితే నిద్రపోతున్నారు. చెయ్యి మంచం అంచు మీద వాలి ఉంది. వానకి కిటికీలు మూసి వార్డంతా మసకగా ఉంది. ఇంకా పదకొండుమందిని చూడాలి. వంగి, అందిన వేలితో మణికట్టు పట్టుకుని, ఆయన వాచీలోనే సెకన్ల ముల్లు చూస్తూ లెక్కపెట్టాను. ముల్లు హాయిగా తిరుగుతోంది. వేలికింద బాగా కొట్టుకుంటోంది. చెయ్యి చల్లగా ఉందని అనిపించకపోలేదు, ముసురుకి అందరి చేతులూ చల్లగానే ఉన్నాయి. చార్టు మీద మూడు గంటలు, డెబ్భై రెండు అని రాసి పక్క మంచానికి పోయాను.

ఇరవై నిమిషాలకి డాక్టరు గారితో వచ్చిన సువార్తమ్మ గారు ఆయన్ని ముట్టుకుని అక్కడే నిలబడిపోయారు. మాస్టారు పోయి గంట పైనే అయింది. డాక్టరు గారు హడావుడిలో చార్టు చూడలేదు. ఆవిడ చూశారు. నన్ను మందుల గదిలోకి తీసుకెళ్ళి, తలుపు దగ్గరగా వేసి, తిట్టలేదు. తిడితే బాగుండేది. నా బొటనవేలు పట్టుకుని బల్ల చెక్కమీద నొక్కి పెట్టారు. చెక్క కొట్టుకోవడం మొదలుపెట్టింది.

"ఎవరిదమ్మా ఆ డెబ్భై రెండు?" అన్నారు.

"నాదేనండి."

"అయితే వెళ్ళి ఆ పిల్లకి చెప్పు."

ఆ పిల్ల అంటే మాస్టారి కూతురు రాజ్యలక్ష్మి గారు. నలభై దాటిన మనిషి. మూడున్నరకి బాపట్ల బస్సు దిగి తడుస్తూ వచ్చారు. తండ్రి చెయ్యి పట్టుకుని కూర్చున్నారు, మంచానికి వేలాడుతున్న చార్టు వైపు చూశారు, మళ్ళీ ఆయన ముఖంలోకి చూశారు. ఏడవలేదు. నేను దగ్గరికి వెళ్ళాను గానీ దుప్పటి సర్ది వచ్చేశాను. నిజం చెబితే నా ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే ఆవిడకేం నష్టం, అరగంట ముందొస్తే చివరిచూపు దక్కేదని బాధపడతారు, అంతేకదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. వెళ్ళేటప్పుడు ఆవిడ తండ్రి చేతి వాచీ విప్పి సువార్తమ్మ గారి చేతిలో పెట్టారు. "ఇది ఇంకా తిరుగుతానే ఉందండి. నేను ఇంటికి తీసుకెళ్ళలేను" అన్నారు.

ఆ రోజు నుంచి సువార్తమ్మ గారు రోజుకొకరి వాచీ కట్టుకునే వంతులు మానేశారు. రోజూ మాస్టారి వాచీయే. నేను ఎదురైనప్పుడల్లా ఆవిడ చేతి మీద అది తిరుగుతూ కనిపించేది. మీరే చెప్పొచ్చుగా అని ఒకసారి తెగించి అడిగాను. తను చెబితే అది ఆసుపత్రి చెప్పిన మాటవుతుందనీ, నమ్మాలంటే ఆ వేలున్న మనిషే చెప్పాలనీ అన్నారు. "ఆ పిల్ల కళ్ళు చూడలేదా నువ్వు? అది ఏడుపు కాదమ్మా, భయం" అన్నారు. నేను చూడలేదు. చూసే ధైర్యం ఉంటేగా.

నాకు మాత్రం ఇంకో బాధ పట్టుకుంది. బొటనవేలు ఎక్కడ ఆనినా ఏదో కొట్టుకునేది. స్టీలు ట్రే, తలుపు గడియ, బావి గిలక తాడు, అన్నం కంచం అంచు. అది నా నాడేనని పాఠాలు చదివినదాన్ని, తెలుసు. తెలిసీ ఏం లాభం? మధ్యాహ్నం మూడయ్యేసరికి వార్డంతా నా వేలికింద బతికున్నట్టుండేది. కిటికీ పక్కన ఖాళీ మంచం ఇనపకమ్మీ కూడా. వేలికి గుడ్డ చుట్టుకుని తిరిగాను కొన్నాళ్ళు. తెగిందా అని అడిగితే అవుననేదాన్ని. అలా తొమ్మిది నెలలు గడిచాయి.

వేసవిలో సువార్తమ్మ గారికి కాళ్ళు వాచి, ఊపిరి అందక, అదే వార్డులో మంచమెక్కారు. ఆ మంచం కాదు, దాని పక్కది. ఒక ఉదయం నేను నాడి చూస్తుంటే కళ్ళు మూసుకునే అడిగారు, ఏ వేలని. రెండు వేళ్ళండి అన్నాను. ఎవరి వాచీ అన్నారు. నాదేనండి అన్నాను. పడుకున్నారేమో అనుకుంటుండగా "చెప్పావా?" అన్నారు.

"లేదండి."

ఎడమచేయి ముందుకు చాపారు. మాస్టారి వాచీ విప్పి నా కుడిచేతికి కట్టుకోమన్నారు. కట్టుకున్నాను. వెచ్చగా ఉంది, ఆవిడ చెయ్యేమో చల్లబడుతోంది. "నేను దీన్ని నీకోసమే ఆగనివ్వలేదమ్మా. ఇక నీ ఓపిక" అన్నారు. మర్నాడు పొద్దున్నే పోయారు. వాళ్ళ మేనకోడలు మిగతా గడియారాలన్నీ ఒక బిస్కెట్ల డబ్బాలో పెట్టి, ఆవిడ పిన్ను గడియారంతో సహా, అత్తయ్య నీకిమ్మంది అని తెచ్చిచ్చింది.

పదిరోజుల తర్వాత బాపట్ల బస్సెక్కాను. రాజ్యలక్ష్మి గారు వరండాలో మిషను మీద జాకెట్టు కుడుతున్నారు. నన్ను గుర్తుపట్టారు. నా చేతి వాచీని ఇంకా ముందు గుర్తుపట్టారు. మిషను ఆగింది. దారిపొడుగునా కూడగట్టుకున్న మాటలన్నీ మరిచిపోయి, మూడింటికి నేను రాసింది తప్పండి, మీ నాన్నగారు అప్పటికే పోయారు అని ఒక్క ఊపిరిలో చెప్పేశాను.

ఆవిడ తల అడ్డంగా ఊపారు. గొంతు తగ్గించి, లోపల ఎవరైనా వింటారేమోనన్నట్టు చెప్పారు. "కాదమ్మా. మూడున్నరకి నేను నాన్న చెయ్యి పట్టుకున్నాను. కొట్టుకుంటా ఉంది. చార్టు మీద చూస్తే డెబ్భై రెండుంది. డాక్టరు గారేమో పోయారన్నారు. అందరూ పెద్దవాళ్ళు, నేనేం చెప్పను? నోరు మూసుకున్నాను. సాయంత్రానికి కాల్చేశాం."

తొమ్మిది నెలలుగా ఈ మనిషి బతికున్న తండ్రికి నిప్పు పెట్టించానని అనుకుంటోంది. అప్పటినుంచి నిద్రపోయేవాళ్ళని ముట్టుకోదట. పిల్లాణ్ణి లేపాలంటే దూరం నుంచి పిలుస్తుందట. ఆవిడ వేలికి తగిలిన అబద్ధానికి నా చార్టు సాక్ష్యం చెప్పింది.

ఎలా పట్టుకున్నారో చూపించమన్నాను. ఆవిడ నా మణికట్టు పట్టుకున్నారు. బొటనవేలు. ఆ వేలు తీసి వరండా ఇనపఊచ మీద పెట్టి నొక్కమన్నాను. అనుమానంగా చూసి పెట్టారు. బయట ఎండ మండిపోతోంది. రోడ్డు మీద ఎవరూ లేరు. ఆవిడ కళ్ళు మెల్లగా పెద్దవయ్యాయి.

"కొట్టుకుంటోంది" అన్నారు.

"అది మీరేనండి. ఆ రోజు కూడా మీరే. చార్టు మీద ఉన్నది నేను."

ఆవిడ ఊచ వదల్లేదు. అలా పట్టుకునే కింద కూలబడి, ఆ రోజు ఏడవని ఏడుపంతా ఏడ్చారు. నేనూ పక్కనే కూర్చుని ఏడ్చాను. సిగ్గుతో ఏడ్చాను. చివరికి ముఖం తుడుచుకుని, "తొమ్మిది నెలలా?" అని ఒక్కమాటే అడిగారు. క్షమించానని ఆవిడా అనలేదు, నేనూ అడగలేదు. వాచీ విప్పి ఇవ్వబోతే మాత్రం నా చెయ్యి వెనక్కి నెట్టారు. "మీ దగ్గరే ఉండనియ్యండి. ఇక ఆగినా ఫర్వాలేదులే."

తెనాలిలో నా దగ్గర పనిచేసే నర్సులకి నేను పెట్టిన నియమాలు కూడా ఆ రెండే. చాటున నన్నూ ఏదో పేరు పెట్టి పిలుస్తారు, తెలుసు. రేపల్లె ఆసుపత్రిలో మాత్రం, బాపట్ల నుంచి రాగానే, నేనే వెళ్ళి అన్నీ చెప్పుకున్నాను. ఉద్యోగం పోలేదు. పోయుంటే ఇంతకన్నా తేలిగ్గా ఉండేదేమో. ఇవాళ తొమ్మిదింటికీ కీ ఇచ్చి, ఆఖర్న పిన్ను గడియారానికి ఇస్తూ సువార్తమ్మ గారూ అన్నాను. టిక్కుమన్నారు. తర్వాత మాస్టారి వాచీ కుడిచేతికి కట్టుకుని, రోజూలాగే బొటనవేలు బల్లమీద నొక్కాను. చెక్క కొట్టుకుంటోంది. నాదేనని తెలుసు. అయినా నిమిషం నిండేదాకా లెక్కపెట్టకుండా వేలు తియ్యను.