పైనట్టు మాత్రం నాదే

ఆయన్ని అందరూ ఉడుంపట్టు మేస్త్రి అంటారు. ఆ పేరు ఎవరు పెట్టారని అడిగితే జనమే పెట్టారంటాడు. పెట్టుకున్నది ఆయనే. జనం పాపం కాదనలేకపోయారంతే.

ఆయన షెడ్డులో ఒకటే చట్టం. కారు స్ప్రింగులు మార్చాలంటే జాకీ ఎత్తడం, చక్రం ఊడదీయడం, స్ప్రింగు ఎగిరిపోకుండా రెండువైపులా క్లాంపులు వేసి నొక్కిపెట్టడం, అన్నీ కూతురు చేయవచ్చు. పైన స్ప్రింగుని బిగించి ఉంచే ఆ ఒక్క నట్టు మాత్రం ఆయనే విప్పాలి. పాతికేళ్ళ కిందట ఒకసారి క్లాంపు జారి, స్ప్రింగు పైకప్పు రేకు చించుకుని పోయింది. ఆ చిల్లు ఇంకా అలాగే ఉంది. వానొస్తే కింద బకెట్టు పెడతారు గానీ పూడ్చరు. పూడిస్తే కథకి సాక్ష్యం ఉండదు మరి! ఆ కథ చివర ఆయన మీసం దువ్వుతూ తప్పకుండా అనే మాట ఒకటుంది: "ఈ చేత్తో పైనట్టు విప్పలేని రోజున తాళాలు అమ్మాయి చేతికిచ్చి ఇంట్లో కూర్చుంటా." అలా చెప్పమని ఎవరైనా అడిగారా? లేదు.

ఆ రోజు పొద్దున్నే లెక్కల మాస్టారి పాత కారు వచ్చింది. కుడివైపు స్ప్రింగు ఊడదీసి, క్లాంపులు వేసి, బల్లమీద ఇనప పట్టకారులాంటి వైసులో బిగించింది కూతురు. ఇక మహారాజు రంగంలోకి దిగాడు. నట్టు తిప్పితే దాంతోపాటు లోపలి కడ్డీ కూడా తిరుగుతుంది. అందుకని కడ్డీ తలలో అలెన్ కీ దూర్చి ఒక చేత్తో పట్టుకోవాలి, రెండో చేత్తో స్పానరు లాగాలి. లాగాడు. నూనె పోశాడు, తిట్టాడు, మళ్ళీ లాగాడు. అరగంటలో ఊడింది ఒక్కటే, ఆయన చొక్కా గుండీ.

"నాన్నా, స్పానరు పిడికి పొడుగు పైపు తొడిగి లాగుదామా?" అంది కూతురు.

"పైపా? పైపులు చేతకానివాళ్ళకి!"

"ఇంతకీ ఉడుంపట్టు మీదా, నట్టుదా?" అన్నాడు మాస్టారు. ఇస్త్రీ చొక్కా నలగకుండా స్టూలు అంచున కూర్చుని, పొద్దుటి నుంచి దేన్నీ ముట్టుకోని పెద్దమనిషి.

"ఇప్పుడొచ్చే ఇనుమంతా కల్తీ అండీ," అన్నాడు మేస్త్రి. ఆ కారు ఆయన కూతురి కంటే పెద్దది.

కల్తీ ఇనుములో లేదు. ఆరు నెలలుగా కుడిచేతి వేళ్ళలో పట్టు నిలవడం లేదు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో సీసా మూతలన్నీ ముట్టుకోగానే ఊడొస్తున్నాయి కదా, చేతికేం కాలేదులే అని తనకి తానే ధైర్యం చెప్పుకునేవాడు. ఇప్పుడు మాత్రం గట్టిగానే భయమేసింది. ఇంట్లో కూర్చుని ఏం చేస్తాడు? కిటికీలోంచి వచ్చేపోయే బళ్ళు లెక్కపెట్టుకుంటాడా?

"నూనె నానాలి. టీ తాగొస్తా," అని బయటపడ్డాడు. కొట్టు దగ్గర టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగాడు.

తిరిగొచ్చేసరికి కూతురు బుద్ధిగా చక్రాల బోల్టులు తుడుస్తోంది. "నూనె బాగా దిగుంటుంది నాన్నా, ఇప్పుడు చూడు."

అలెన్ కీ పెట్టి, స్పానరు వేసి లాగాడు. ఒక్క లాగుకే నట్టు గిర్రున తిరిగింది.

"చూశారా మాస్టారూ! ఇదీ పట్టంటే!"

మాస్టారు చప్పట్లు కొట్టబోయి, గభాలున చేతులు వెనక్కి దాచుకున్నాడు. దాచేలోపే మేస్త్రి చూశాడు. రెండు అరచేతులకీ నల్లటి గ్రీజు. ఇస్త్రీ చొక్కా చేతి అంచు కూడా నల్లబడింది. స్పానరు పిడి మీద పైపు తొడిగినప్పుడు అంటిన తుప్పు ఇంకా రాలుతోంది. అలెన్ కీ పట్టుకున్నది మాస్టారు, పైపు లాగింది కూతురు. నట్టు వదులు చేసి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ చేత్తో బిగించి ఉంచారు.

ఒళ్ళు మండింది. అరవడానికి నోరు తెరిచాడు కూడా. అంతలో ఇంకోటి తట్టింది.

"ఇంట్లో సీసా మూతలు..."

కూతురు తల ఎత్తలేదు. "అమ్మ వదులు చేసి పెడుతుంది నాన్నా. నీకు చెప్పొద్దంది."

మేస్త్రి పైకప్పు చిల్లు వైపు చూశాడు. కళ్ళు తడిసినందుకు ఆ చిల్లులోంచి పడే వెలుతురుని తిట్టాడు. తర్వాత నడుముకున్న తాళాల గుత్తి తీసి, కూతురి పక్కన బల్లమీద పెట్టాడు.

"ఎడమవైపు ఇంకోటుంది కదా, పైపు తీసుకో. తాళాలు నీవి. ఇంట్లో మాత్రం కూర్చోను. నా ఎడంచేతికి ఏ రోగమూ లేదు, అలెన్ కీ నేను పట్టుకుంటా."

"మరి నేనో?" అన్నాడు మాస్టారు.

"మీరు వెళ్ళి చేతులు కడుక్కోండి," అన్నాడు మేస్త్రి.