తొంభైతొమ్మిది దగ్గర ఆగిన ఓడలు

రోజా ఆఫీసు సర్వర్‌ని చున్నీలో మూటగట్టి, రిక్షా ఎక్కించి గంగ ఒడ్డుకు తీసుకెళ్ళి, "కదులుతావా, తోసెయ్యమంటావా" అని అడిగిందని ఖిదిర్‌పూర్‌లో ఒక మాట తిరుగుతోంది. కళ్ళతో చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. చెవులతో విన్నవాళ్ళు మాత్రం సగం కలకత్తా ఉంటారు. సర్వర్ బరువు తెలిసినవాళ్ళు అది జరిగే పని కాదంటారు. ఆ రోజుల్లో రోజా ముఖం చూసినవాళ్ళు మాత్రం ఏమీ అనకుండా ఊరుకుంటారు.

రోజావాళ్ళ తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడి రేవులో బస్తాలు మోశాడు. తండ్రి క్రేను నడిపాడు. ఆ వంశంలో రేవు పని కుర్చీలో కూర్చుని చేసిన మొదటి మనిషి రోజా. తెలుగు గడగడా మాట్లాడుతుంది, చదవమంటే మాత్రం ఒక్కో అక్షరాన్నీ అనుమానితుణ్ణి చూసినట్టు చూస్తుంది. దత్తబాబుగారి ఓడల మరమ్మతు కంపెనీలో సాఫ్ట్‌వేర్ అంతా ఆమె చేతిలోనే ఉంది.

ఆమె చేరేనాటికి అక్కడ గోడ మీద ఒక నల్లబోర్డు ఉండేది. ఏ ఓడకి ఏ పని, ఏ సర్దార్ కింది ముఠా చేస్తోంది, ఎంతవరకు వచ్చింది, అన్నీ దాని మీద సుద్దముక్కతో రాసేవారు. వాన జల్లు కొడితే సగం ఓడలు కారిపోయేవి. రోజా దాన్ని తీసుకెళ్ళి కంప్యూటర్లో పెట్టింది. ప్రతి ఓడా ఒక ప్రాజెక్టు, దాని కింద పనులు, ప్రతి పనికీ ఎంత అయిందో సర్దార్ తన ఫోన్లో నొక్కే శాతం. అది సాఫ్ట్‌వేరయినా అందరూ ఇప్పటికీ బోర్డు అనే అంటారు.

మొదట్లో బోర్డు గుర్రంలా పరిగెత్తింది. తర్వాత ఎద్దయింది. ఈమధ్య నత్త కూడా దాన్ని చూసి జాలిపడే స్థితికి వచ్చింది. బోర్డు తెరవమని నొక్కి, బజారుకెళ్ళి, ఇలిశ చేప బేరమాడి, కుదరక ఒట్టి సంచితో తిరిగొచ్చినా తెర మీద, ఆగమని చెప్పే ఆ గుండ్రం ఇంకా తిరుగుతూనే ఉండేది. ఒక గుమాస్తా దాని వంక చూస్తూ చూస్తూ నిద్రపోయి కుర్చీలోంచి పడ్డాడంటారు.

దత్తబాబుగారికి బీపీ ఉంది. ఆయన రోజాని పిలిచి చల్లగా చెప్పాడు.

"రోజా, సాల్ట్‌లేక్‌లో ఒక కంపెనీ కొత్తది చూపించింది. చక్కగా నడుస్తోంది. దుర్గా పూజోలోగా నీ బోర్డు నడిస్తే సరే. లేకపోతే బోర్డూ వద్దు, దాన్ని చూసుకునే మనిషీ వద్దు."

"చూస్తాను, దత్తదా," అంది రోజా. అక్కడ అన్నని 'దా' అంటారు.

"చూడ్డం చాలా రోజుల్నించి చూస్తున్నావు."

రోజా ముందు సర్వర్‌కి మెమరీ పెంచింది. బోర్డు ఓ పూట సిగ్గుపడి నడిచి మళ్ళీ చతికిలబడింది. తర్వాత పట్టికలకి ఇండెక్సులు పెట్టింది. లావు పుస్తకం చివర ఏ సంగతి ఏ పేజీలో ఉందో రాసి ఉంటుంది చూడండి, అలాంటిదే ఇది. దీంతో వెతుకులాట తగ్గింది. గుండ్రం మాత్రం ఆగలేదు.

అప్పుడు బోర్డు తెరిచినప్పుడు డేటాబేస్‌ని ఏమేం అడుగుతోందో కూర్చుని చూసింది. తల పట్టుకుంది. ఒక్కో పని కోసం విడిగా వెళ్ళి, దీనికి ఫోటోలు ఎన్ని అని ఒకసారి, వ్యాఖ్యలు ఎన్ని అని ఇంకోసారి అడుగుతోంది. పచ్చిమిరపకాయ కోసం ఓసారి, అల్లం కోసం ఓసారి, కరివేపాకు కోసం ఓసారి బజారుకు పరిగెత్తే కోడలు ఎలా ఉంటుందో అలా ఉంది వ్యవహారం. రోజా అన్నీ ఒక్క సంచిలో వచ్చేలా దాన్ని తిరగరాసింది. గుండ్రం సగానికి తగ్గింది. సగం అంటే చేప బేరం పూర్తయ్యేదాకా కాకుండా, చేపలవాడు కత్తి నూరేదాకా అన్నమాట.

చివరికి అసలు అడగాల్సిన ప్రశ్న అడిగింది. ముగియని పనులు మాత్రమే కదా ఈ తెర మీద కనబడేది, అవెన్ని ఉన్నాయి?

అన్నీ ఉన్నాయి. బోర్డు పుట్టిన రోజు నుంచి రేవులోకి వచ్చిన ప్రతి ఓడా అక్కడే నిలబడి ఉంది. రంగు వేయించుకుని సింగపూర్ వెళ్ళిపోయినవి, మునిగినవి, ముక్కలై తుక్కుకి పోయినవి, అన్నీ తొంభైతొమ్మిది శాతం. ఒక్కటంటే ఒక్కదానికీ నూరు లేదు. పాపం ఆ బోర్డు తెరిచిన ప్రతిసారీ వాటన్నిటినీ భుజాన వేసుకుని బయటకు రావాలి.

రోజా తిన్నగా రేవు గేటు దగ్గర టీ కొట్టుకు వెళ్ళింది. అక్కడ బైరాగి ఉన్నాడు. సర్దార్లలో పెద్దవాడు, పైగా రోజాకి మేనమామ.

"మావయ్యా, ఆ బురద తోడే నల్ల డ్రెడ్జర్ పని ఎప్పుడయింది?"

"ఏ నల్లది? అది తుక్కుకెల్లిపోనాది గదమ్మీ."

"తుక్కుకెళ్ళిన దానికి ఇంకా ఒక శాతం పని ఏటుంది?"

"ఉంటాది. ఉండాల."

"ఏల?"

బైరాగి మట్టి భాఁడ్‌లో మిగిలిన టీ ఊది ఊది తాగాడు. "నూరు ఎయ్యకూడదు. పని అయిపోనాది అన్నావంటే ఆ ఓడ మల్లీ మన సేతికి రాదు. మా అయ్య ఓడకి రంగేసినప్పుడు ఏలంత జాగా ఒట్టిగా వొగ్గీసేవోడు. ఆ ఏలంత కోసం ఓడ మల్లీ వొచ్చీది. మేవందరం అలగే సేత్తాం. బెంగాలీ సర్దార్లకీ నానే సెప్పినాను."

"అది ఇనప ఓడ, మావయ్యా. ఇది కంప్యూటర్."

"కంప్యూటర్లో ఉన్నాది ఓడే గదా."

"దీనివల్ల నా ఉద్యోగం పోద్ది."

"అయిపోనాది అంటే మా అందరివీ పోతాయి. ఇంట్లో బియ్యం లేకపోతే మీ యమ్మ ఏటంటాది? లేవంటాదా? నిండుకున్నాయంటాది. సదువుకున్నావు, ఆపాటి తెలీదేటి?"

వాళ్ళమ్మ కాసులమ్మ నిజంగానే అలా అంటుంది. జవాబు దొరకనప్పుడు చదువుకున్నవాళ్ళు చేసేదే రోజా చేసింది. ఆఫీసుకు వెళ్ళి ఒక్క ఆదేశంతో పాత ఓడలన్నిటికీ నూరు వేసేసింది.

తెల్లారేసరికి ముఠాలన్నీ గేటు బయట చతికిలబడి ఉన్నాయి. ఎవడూ పనిముట్టు ముట్టలేదు. ఒక బెంగాలీ సర్దార్ అయితే ఇంట్లో ఎవరో పోయినట్టు చెప్పులు విప్పి కూర్చున్నాడంటారు. దత్తబాబుగారు పరుగున వచ్చాడు.

"ఎవరి పని ఇది? బోర్డులో తప్పు ఉందా, మనిషిలో ఉందా? ఇన్నాళ్ళూ దాన్ని నాశనం చేసింది మనిషే అయితే పేరు చెప్పు రోజా. వాడు రేపటినుంచి గేటు దాటడు."

పేరు చెబితే ఆమె ఉద్యోగం అక్కడికక్కడే దక్కేది. ఆ పేరుగలవాడు అయిదడుగుల దూరంలో బీడీ వెలిగించుకుని, తనకేం పట్టనట్టు క్రేను వైపు చూస్తున్నాడు. రోజా పళ్ళు కొరికిన చప్పుడు అవతలి ఒడ్డున షాలిమార్ దాకా వినబడి ఉంటుంది.

"బోర్డులోనే, దత్తదా."

"అయితే పూజో మాట గుర్తుంది కదా."

"ఉంది."

శాతాలన్నీ వెనక్కి తిప్పేసింది. ముఠాలు లేచాయి. గుండ్రం మళ్ళీ మొదలైంది. ఇంటికి పోయి కాసులమ్మ ముందు మేనమామని తిట్టిన తిట్లకి ఆవిడ వినలేక రేడియో పెట్టుకుంది.

పండగ పందిళ్ళకు వెదుళ్ళు దిగుతున్న రోజుల్లో ఒక సాయంత్రం బైరాగి చెల్లెలింటికి వచ్చాడు. రోజా తన కంచం తీసుకుని వేరే మూలకు పోయి కూర్చుంది. ఆయన భోంచేసి, తువ్వాలు దులుపుకుని, గుమ్మంలో "ఎల్లొస్తాను" అన్నాడు. అదే సమయానికి పక్కవాటాలో ఉండే బెంగాలీ పెద్దావిడ మాసీమా ఎక్కడికో బయల్దేరుతూ లోపలివాళ్ళకి "ఆశ్చి" అని కేకేసింది. వెళ్ళేటప్పుడు 'వస్తున్నా' అనడం బెంగాలీల పద్ధతి. రోజా అన్నం చేత్తోనే లేచి ఆయన చొక్కా పట్టుకుంది.

"మావయ్యా, ఓడకి నూరు ఎయ్యొద్దు. అదే వెళ్ళొస్తానని చెప్పి వెళ్తే నీకు అభ్యంతరమేటి?"

"ఓడ సెప్తాదా?"

"చెప్తాది. నువ్వు నొక్కితే చెప్తాది."

మర్నాడు బోర్డులో ఒక కొత్త బొత్తం పుట్టింది. శాతం జోలికి పోదు. దాని మీద బెంగాలీలో 'ఆశ్చి' అని ఉంటుంది. నొక్కితే ఓడ ఆ తెర మీంచి తప్పుకుని వెనక వేరే పట్టికలోకి వెళ్ళిపోతుంది. మళ్ళీ రేవుకి వస్తే తన తొంభైతొమ్మిదితో సహా ముందుకు వస్తుంది. బైరాగి నల్ల డ్రెడ్జర్‌కి చెయ్యి ఊపి మరీ నొక్కాడు. మిగతా సర్దార్లు ఆయన వెనకే నొక్కారు. రెండు పూటల్లో తెర మీది రేవంతా ఖాళీ అయింది. బోర్డు వేలు ఆనించకముందే తెరుచుకోవడం మొదలుపెట్టింది.

దత్తబాబుగారు పూజో ముందు వచ్చి బోర్డు తెరిచాడు. ఠక్కున తెరుచుకుంది. ఆయన ముఖం పాలిపోయింది.

"ఇవేనా ఓడలు? మిగతావన్నీ ఏవి? మనకి పని లేదా?"

"ఇప్పుడు నడుస్తున్నవి ఇవే, దత్తదా. ఎప్పుడూ ఇన్నే."

"వచ్చినవాళ్ళకి నేను ఎంత పెద్ద జాబితా చూపించేవాణ్ణి. అది తెరుచుకునేలోగా వాళ్ళకి టీ కూడా ఇచ్చేవాణ్ణి."

రోజా కళ్ళు మూసుకుని తెరిచింది. "పాతవాటికి వేరే పేజీ పెట్టాను. నెమ్మదిగానే తెరుచుకుంటుంది. టీ ఇవ్వొచ్చు."

ఆయన స్థిమితపడ్డాడు. సాల్ట్‌లేక్ కంపెనీకి వద్దని ఫోన్ చేయించాడు. ఫోన్ పెట్టేశాక మాత్రం అడిగాడు, "ఇంతకీ తప్పు ఎక్కడుంది?" అని. రోజా "ఇండెక్స్‌లో" అంది. ఆయన అర్థమైనట్టు తలూపాడు.

మొన్న ఖిదిర్‌పూర్ బస్సులో పక్కన సీటు దొరికితే, ఇదంతా ఇలాగే జరిగిందా అని రోజాని అడిగాను. ఆమె కిటికీ వైపు తిరిగిపోయింది. దిగేముందు ఇటు తిరిగి చెప్పింది.

"ఎవరు పుట్టించినారో గాని అంతా అబద్ధం. మా మావయ్య ప్రతి ఓడకీ నూరే వేస్తాడు, మొదటినుంచీ వేసినాడు. గేటు దగ్గర ఎవరూ కూర్చోలేదు. ఆ బొత్తం డిజైన్ కోసం పెట్టినాను. ఇదిగాని దత్తదా చెవిన పడిందంటే ఊరుకోను. పడ్డానికి అసలు ఏటీ జరగలేదు."