నాలుగు గడుల రాష్ట్రం

మా చిన్నమ్మ పోయిందని మామ ఫోన్ చేసినప్పుడు నేను ఆదోనిలో, కాలేజీలో పాఠం చెబుతున్నాను. ఆరు నెలలుగా ఊపిరితిత్తుల జబ్బు. "పొద్దున టీ తాగింది. కుర్చీలో కూసున్నట్టే పోయింది" అన్నాడు మామ. పాఠం ఆపేసి ఆమె ఊరు ఎమ్మిగనూరుకు బస్సెక్కాను. దారిలో ముగ్గురు బంధువులు ఫోన్ చేశారు. ముగ్గురిదీ ఒకే మాట: "పాపం, పెండ్లీ పిల్లలూ లేకుండానే పోయె." ఆ 'పాపం' ఆమెకు చెల్లదని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆమె మా అమ్మ చెల్లెలు. ఏడో తరగతిలో బడి మాన్పించి మగ్గం దగ్గర కూర్చోబెట్టారు. కొన్నేళ్లకు చీర అంచులకు డిజైన్లు గీసే పనిలో పడింది. గళ్ల కాగితం మీద ఒక్కో గడీ పెన్సిల్‌తో నింపాలి. ఒక్క గడి తప్పితే చీర మీద నెమలి మెడ వంకరపోతుంది. నలభై ఏళ్లు అదే పని. పెన్సిల్ బ్లేడుతోనే చెక్కేది. రబ్బరు దగ్గర పెట్టుకునేది కాదు.

కరోనా వచ్చిన ఏడాది మగ్గాలు ఆగిపోయాయి. పని లేక టీవీ చూసేది. అప్పుడే అమెరికా ఎన్నికల లెక్కింపు రోజుల తరబడి సాగింది. తెర మీద ఎర్ర రాష్ట్రాలు, నీలి రాష్ట్రాలు.

"రాష్ట్రమంతా ఒకే రంగు ఎట్లయితాది నాయనా? అందరూ ఒకనికే ఏసినారా?" అని నన్ను అడిగింది.

రాజనీతిశాస్త్రం చెప్పేవాణ్ణి కదా, వివరించాను. ఒక్కో రాష్ట్రానికి ఇన్ని ఓట్లని ఉంటాయి. దాదాపు అన్ని చోట్లా, జనం ఓట్లలో ఒక్కటి ఎక్కువ వచ్చినవాళ్లకే ఆ రాష్ట్రం ఓట్లన్నీ పోతాయి. దేశం మొత్తానికి ఐదువందల ముప్పై ఎనిమిది. రెండువందల డెబ్బై వస్తే గెలిచినట్టు.

చిన్నమ్మ మళ్లీ తెర వైపు తిరిగింది. "అంటే ఒక్క రాష్ట్రం అటు తిరిగింటే కతే వేరే. అట్ల తిరిగింటే ఎట్లుండునో గీసినోళ్లు ఉండారా?"

ఉన్నారు. జరగని ఎన్నికలకు పటాలు గీసి ఇంటర్నెట్‌లో పెట్టేవాళ్లు ఎన్నో దేశాల్లో ఉన్నారు. ఫోన్‌లో చూపించాను. మర్నాడు ఆమె ఇంటికి వెళ్లేసరికి ఓటుకొక గడి చొప్పున సగం అమెరికా గీసేసింది. పేర్లన్నీ తెలుగులోనే.

వీధిలో నవ్వారు. ఎదురింటి ఆమె అయితే మొహం మీదే అడిగింది: "మన వీధికి నీళ్లు రాక సస్తాంటే, నీకు అమెరికా గావాల్సొచ్చెనా?"

"నీళ్లకు రేపు నీతోపాటే మున్సిపాలిటీకొస్తా, పద. ఆ పని అయినాంక నా పొద్దు నాది" అంది చిన్నమ్మ. అన్నట్టే మరునాడు బిందె పట్టుకుని వెళ్లింది. తిరిగొచ్చి పెన్సిల్ పట్టుకుంది.

ఆమెకు ఒకటే నియమం. "ఒక్కటే మార్చల్ల. మిగిలిందంతా జరిగింది జరిగినట్టే ఉండల్ల. రెండు మారిస్తే అది మన ఆశ, చరిత్ర గాదు." నాకు నచ్చినవాణ్ణి గెలిపించమని ఒకసారి అడిగితే, "నువ్వే గీసుకో" అని కాగితం నా వైపు తోసింది.

మా కాలేజీలో ఎన్నికల మీద ప్రదర్శన పెట్టినప్పుడు ఆమె పటాల సంగతి చెప్పాను. ఏడో తరగతి చదువని తెలియగానే పెద్దలు వెనక్కి తగ్గారు. ఆమె మాత్రం పటాలు చుట్టి ఒళ్లో పెట్టుకుని బస్సులో వచ్చేసింది. హాల్లో చోటు లేదన్నారు. వరండాలో గోడకు తానే అతికించుకుంది.

అతిథిగా వచ్చిన ప్రొఫెసర్ ఆగి చూశాడు. "అమ్మా, మీరెప్పుడైనా అమెరికా చూశారా?"

"మీరు విజయనగర రాజుల్ని సూసినారా సార్? పాఠం సెప్తారు గదా."

ఆయన నవ్వి, ఫ్లోరిడాలో కొన్ని వందల ఓట్లతో తేలిపోయిన రెండు వేల సంవత్సరం ఎన్నిక పటం మీద వేలు పెట్టాడు. "ఇది తెలిసిందే. ఫ్లోరిడా మారి ఉంటే ఫలితం మారేది."

"ఫ్లోరిడా జోలికే పోనక్కర్లేదు సార్." చిన్నమ్మ వేలు పైన మూలకు వెళ్లింది. "ఇది న్యూ హాంప్‌షైర్. నాలుగంటే నాలుగు గడులు. ఓడినాయనకొచ్చినవి రెండువందల అరవై ఆరు. ఇదొక్కటి తిరిగిన్యా ఆయనే గెలుచును. పెద్దదాని మీదనే అందరి కండ్లు. సిన్నదాన్ని ఎవురు లెక్కపెట్టినారు?"

ఆయన అక్కడే నిలబడి గడులు లెక్కపెట్టాడు. రెండోసారి కూడా లెక్కపెట్టి, "నిజమే" అన్నాడు. ఆ మధ్యాహ్నం హాల్లో ఉన్న పిల్లలంతా వరండాకు వచ్చేశారు.

జబ్బు ముదిరాక ఒక రోజు, అడగకూడదనుకుంటూనే అడిగాను. "నీ బతుకులో ఒక్కటి మార్చుకోమంటే ఏం మారుస్తావు చిన్నమ్మా?"

"బడి మాన్పించింది అంటాననుకున్యావు గదా?" దగ్గు తగ్గేదాకా ఆగింది. "అది మారిస్తే ఈ చెయ్యి నాకొచ్చునా? మార్చను. అట్లని వాళ్లు చేసింది మంచిదని గూడా అనను. తప్పు తప్పే."

పెద్ద దినానికి ఫ్లెక్సీ వేయించాలన్నారు. మామ దేవుడి బొమ్మలూ, దీపాలూ ఉన్న నమూనా తెచ్చాడు. ఆమె ఫొటో వెనక ఆమె గీసిన పటమే ఉండాలన్నాను. ఇంట్లో చిన్న గొడవే అయింది. నేను తగ్గలేదు. ఫ్లెక్సీ అంగడతను రంగులు చూసి, "ఇది యా పార్టీ అన్నా?" అని అడిగాడు. "ఈడిది గాదప్పా. మా చిన్నమ్మది" అన్నాను.

ఆ రోజు ఫ్లెక్సీని వీధి మొదట్లో రెండు స్తంభాల మధ్య కట్టాం. గాలికి ఎరుపూ నీలం పొంగి సర్దుకుంటున్నాయి. అద్దకం వేసిన నూలు పోగుల చిలపలు భుజాన వేసుకుని పోతున్న ఒక ముసలామె కింద ఆగింది. చిలపల నుంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి. ఆమె తల పైకెత్తి, కళ్లు చికిలించి, పటంలోని ఒక రాష్ట్రం పేరు అక్షరం అక్షరం కూడబలుక్కుంటోంది: "వి... స్కా... న్సి... న్."