తెలీదన్న తాతయ్య

నా చిన్నప్పుడు, అర్ధవీడు దగ్గర మా ఊళ్లో నా అంత తెలివైనది ఇంకొకతె లేదని గట్టిగా నమ్మేదాన్ని. ఐదో తరగతిలో మా సారు, వివేకం గురించి దేశదేశాల పెద్దలు చెప్పిన మాటలు పదిహేను బోర్డు మీద రాసి, కంఠతా పట్టమన్నారు. రెండు రోజుల్లో పట్టేశాను. ఆ తర్వాత ఇంట్లో నా బారిన పడనివాళ్లు లేరు. అన్నం తింటుంటే ఒకటి, నీళ్లు తోడుతుంటే ఒకటి వినిపించేదాన్ని.

మా తాతయ్యకు చదువు రాదు. ఊహ తెలిసినప్పటి నుంచీ గొర్రెలే ఆయన లోకం. గొర్రెకు జబ్బు చేస్తే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఆయన దగ్గరికే వచ్చేవారు. నేను చెప్పేవన్నీ కళ్లు మూసుకుని వినేవాడు. తనకు తెలియనిదేమిటో ఎరిగినవాడే జ్ఞాని అన్న అర్థం వచ్చే మాట ఒకటి ఆయనకు బాగా నచ్చింది. "బలే చెప్పినాడే! ఆయన గొర్లు గాసినాడేమో మీ సారును అడుగు" అన్నాడు. నాకు నవ్వొచ్చింది.

ఆ వారమే ఒక తొలిచూలు గొర్రె ఈని, పిల్లను దగ్గరికి రానివ్వలేదు. పాల కోసం పోతే కుమ్మేది. తాతయ్య దాని కాళ్లు పట్టి తాగించబోయాడు. దాని పాలే పిల్ల ఒంటికి పూసి చూశాడు. ఏదీ పని చేయలేదు. మధ్యాహ్నానికి పిల్ల తల వాల్చేసింది. దాన్ని ఒళ్లో పెట్టుకుని ఏడుస్తూ కూర్చున్నాను. నాకొచ్చిన పదిహేను మాటల్లో ఒక్కటీ అక్కరకు రాలేదు.

తాతయ్య లేచి, తలగుడ్డ సర్దుకుని పక్కింటికి నడిచాడు. నేనూ పిల్లనెత్తుకుని వెంట పోయాను. ఆ ఇంటికి కనిగిరి వైపు నుంచి ఒక అక్క కొత్తగా కోడలై వచ్చింది. పుట్టింట్లో మేకలుండేవట. అరుగు మీద నలుగురు మగవాళ్లు కూర్చుని ఉండగానే తాతయ్య ఆమెను అడిగాడు. "నాకు తెలీలేదు తల్లీ. మీ పక్క ఏం జేస్తారో చెప్పు."

అరుగు మీద ఒకాయన పక్కున నవ్వాడు. "ఏంది పెద్దాయనా, ఇన్నేండ్లు గొర్లు గాసి, నిన్న వచ్చిన పిల్లను అడుగుతుండావా?"

"గొర్రెపిల్లకు నా వయసుతో పనేముందిరా? దానికి పాలు గావాల" అన్నాడు తాతయ్య.

ఆ అక్క సిగ్గుపడుతూనే మా దొడ్లోకి వచ్చింది. ఉప్పునీళ్లు కలిపి పిల్ల వీపంతా తడిపి, తల్లి ముందు వదిలింది. గొర్రె వాసన చూసింది. ఒకసారి నాకింది. ఉప్పు రుచికి మళ్లీ నాకింది. నాకుతూ నాకుతూ కుమ్మడమే మరిచిపోయింది. పిల్ల తోకాడిస్తూ పొదుగు అందుకుంది. తాతయ్య చప్పట్లు కొట్టి చిన్నపిల్లాడిలా గెంతాడు. "నేర్చుకుంటి! ఈ వయసులో ఇంకోటి నేర్చుకుంటి!" అని వీధంతా వినబడేలా అరిచాడు. ఇందాక నవ్వినాయన కూడా వచ్చి, ఉప్పు ఎంత కలపాలో ఆ అక్కనే అడిగిపోయాడు.

పెద్దయ్యాక నేను ముప్పై ఏళ్లు బడిపిల్లలకు పాఠాలు చెప్పాను. తెలియనిది అడిగితే "నాకు తెలీదు, పదండి కనుక్కుందాం" అనడానికి ఏనాడూ నోరు తడబడలేదు. ఆ మాట అన్నప్పుడల్లా, ఇంకేదో కొత్తది దొరకబోతోందని నా మనసుకు ఇప్పటికీ సంబరమే.